మైకు కరుస్తోందట!

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ. ముక్కు మీద కాకపోతే ఎక్కడుండాలి, బీరువాలో పెట్టి తాళం వెయ్యాలా? మా అన్నయ్య నాకు పటాసు అని పేరు పెట్టాడు. వదిన కూడా అలాగే పిలుస్తుంది. ఆవిడ పిలిస్తే మాత్రం నాకు కోపం రాదు.

ఆ మధ్యాహ్నం వదిన తన గిటార్ ఆంప్లిఫయర్ని పొట్టకి ఆనించుకుని మోసుకొచ్చి నా బల్ల మీద దించింది. దించి ఊరుకుందా అంటే, లేదు. కిటికీ దాకా వెళ్ళింది, బయటికి చూసింది, వెనక్కొచ్చింది. నా స్క్రూడ్రైవర్లన్నీ తీసి చిన్నా పెద్దా వరసలో పేర్చింది. పేర్చిన చేత్తోనే మళ్ళీ కలిపేసింది.

"కాసేపు కూర్చో వదినా, నీ తిరుగుడికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"కూర్చోలేనే పటాసూ. దీని నాబ్ తిప్పితే కరకరమంటోంది. సాయంత్రం లోపల ఏమైనా చెయ్యగలవా?"

"అన్నయ్య చూళ్ళేదా?"

"చూశారు. మందు కొట్టారు. రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది. మళ్ళీ కొట్టారు."

మందంటే డబ్బాలో వచ్చే స్ప్రే. నాబ్ లోపల దుమ్ము పడితే వదిలించేది. మా అన్నయ్య లెక్కలో దానికి నయం కాని రోగం లేదు.

మాది చిన్న పని. ఇంటి ముందు గదిలో అన్నయ్యా నేనూ కలిసి గిటార్ వాయించేవాళ్ళకి ఆంప్లిఫయర్లు కడతాం. పాతకాలం రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో, మొత్తం చేత్తో. లోపలి సర్క్యూట్ అంతా నేను టంకం పెట్టి ఇస్తాను. దాన్ని ఇనప రేకు చట్రంలో, అంటే చాసిస్‌లో బిగించి, వైరూ ప్లగ్గూ తగిలించి, చివరికి మోగించి చూసేది అన్నయ్య. ఆయన చెయ్యి పడ్డాక నేను వేలు పెట్టకూడదు. పెడితే ఇల్లు రెండు రోజులు మూగనోము పడుతుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి.

అందులోనూ వదిన ఆంప్ అంటే ఆయనకి ప్రాణం. వాల్వు ఆంప్ ఏదైనా ఎంతో కొంత గుయ్యిమంటుంది. ఇది అనదు. రికార్డింగు స్టూడియో ఆయన స్పీకర్‌కి చెవి ఆనించి, "ఇది ఆన్‌లోనే ఉందా?" అని అడిగాడట. ఆ మాట విన్న దగ్గర్నుంచి అన్నయ్య కాళ్ళు నేల మీద ఆనలేదు. "ఆ చప్పుడు లేనిది ఉందే, అలాంటిది మాక్కావాలి" అని జనం వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు.

ఆ రోజు ఆయన వాల్వులు కొనడానికి బజారుకి వెళ్ళాడు. అట్నుంచి అటే రిహార్సల్ హాలుకి వస్తానన్నాడు. అందుకే వదినకి నా బల్ల దాకా వచ్చే ధైర్యం వచ్చింది.

వదిన గిటార్ వాయిస్తూ పాడుతుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ వంటింట్లో కూనిరాగం తీస్తే నేను చేతిలో పని ఆపేసి వినేదాన్ని. మనిషి సన్నం, గొంతు మాత్రం నిండు కుండ. ఆవిడకి నగల మీద మోజు లేదు, చీరల మీద లేదు, వారానికి రెండు సాయంత్రాలు తన బ్యాండుతో నిలబడి పాడటం ఒక్కటే కావాలి. అదే ఇప్పుడు చెయ్యిజారేలా ఉంది.

కొన్నాళ్ళ కిందట ఒకరోజు ఇంటికొచ్చి, "మైకు కరుస్తోంది" అంది. పెదాలు తగిలాయో లేదో చురుక్కుమందట, పళ్ళ దాకా జివ్వుమందట.

"మైకు కరుస్తోందట! గొలుసు కొనుక్కురానా, కట్టేద్దాం" అన్నాడు అన్నయ్య. ఇల్లంతా నవ్వింది.

మర్నాడూ అదే మాట అంది. అన్నయ్య ఆంప్ దగ్గరికి వెళ్ళొచ్చి, చూశాను, ఏం లేదన్నాడు. మళ్ళీ అంటే, "ఆడలేక మద్దెల ఓడందట" అన్నాడు. ఈసారి వదిన కూడా నవ్వింది. నవ్వి, ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

నోరు ఊరుకుంది గానీ ఒళ్ళు ఊరుకోలేదు. మైకుకి జానెడు దూరంలో నిలబడటం మొదలుపెట్టింది. పాట అందుకునే ముందు కళ్ళు గట్టిగా మూసుకుని భుజాలు బిగించేది. అంత దూరం నుంచి గొంతు అందక సౌండు పెంచేవాళ్ళు, పెంచితే స్పీకర్లు కీచుమనేవి. బ్యాండు పెద్దాయన్ని మేం ఈల మాస్టారు అంటాం. తాళం తప్పిన చోటల్లా నాలుక మడిచి ఈల వేస్తాడు. ఆయనే మొదట, "అమ్మాయికి భయం పట్టుకుంది" అన్నాడు. స్టేజీ భయమే అని అన్నయ్య కూడా ఖాయం చేశాడు. చేసి, స్వయంగా వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు భయం తగ్గడానికి మాత్రలు రాశాడు. అవి వేసుకున్నాక భయం తగ్గిందో లేదో గానీ మనిషి మందగించింది. తనే కట్టుకున్న పాటలో చరణాలు మర్చిపోయి బిక్కమొహం వేసేది.

మొన్న రిహార్సల్లో ఈల మాస్టారు తేల్చి చెప్పేశాడు. "వచ్చేసారి కూడా మైకుకి అంత దూరంలో నిలబడితే వేరే అమ్మాయిని పెట్టుకోవాల్సి వస్తుందమ్మా. ఏమీ అనుకోకు." ఆ వేరే అమ్మాయి అప్పటికే పాటలన్నీ నేర్చేసుకుంది కూడా.

ఆ వచ్చేసారి ఈ సాయంత్రమే.

"సరే, ఇటివ్వు" అన్నాను. మూడే కాళ్ళు గల కుందేలుని విప్పాను.

ఈ పనిలో మొదటి పాఠం ఎడం చేతికి. ఆంప్ ఆన్‌లో ఉండగా లోపల చెయ్యి పెట్టేటప్పుడు ఎడం చెయ్యి నడుం వెనక దాచుకోవాలి. పొరపాటున తగిలినా కరెంటు ఒక చేతి నుంచి రెండో చేతికి గుండె మీదుగా పోకుండా ఉంటుందని. చూసేవాళ్ళకి టీచరు ముందు పద్యం అప్పజెబుతున్నట్టుంటాను. వదిన ఎప్పుడూ నవ్వేది. ఆ రోజు నవ్వలేదు.

నాబ్ కరకరలు రెండు రకాలు. దుమ్ము వల్ల వచ్చేది మందు కొడితే పోతుంది. పోయి మళ్ళీ మళ్ళీ వస్తోందంటే అది దుమ్ము పని కాదు, రాకూడని కరెంటు నాబ్ దాకా వస్తోందని అర్థం. మీటరు వైరు చివరి ముల్లు నాబ్ కాలికి ఆనించాను. సున్నా ఉండాలి. లేదు. వాల్వులు వేడెక్కుతున్నకొద్దీ అంకె మెల్లిగా పైకి పాకుతోంది.

"ఇదిగో, దొరికాడు దొంగ!"

"ఎక్కడే?" వదిన నా భుజం మీంచి తొంగి చూసింది.

"నాబ్‌లో లేడు. నాబ్‌కి ముందు ఈ కెపాసిటర్ ఉంది చూడు. ఇది గుమ్మం దగ్గర కాపలావాడన్నమాట. పాటని లోపలికి వదలాలి, వెనక ఉన్న పెద్ద ఓల్టేజీని ఆపాలి. వీడు కునుకు తీస్తున్నాడు. కొంచెం కొంచెం కరెంటు జారిపోయి నాబ్ మీద కూర్చుంటోంది. తిప్పినప్పుడల్లా అదే కరకర."

ఆంప్ ఆపాను. ఆపినా లోపల కరెంటు నిలవుంటుంది. దాన్ని రెసిస్టర్‌తో వదిలించి, మీటర్లో అంకె పడిపోయేదాకా ఆగాను. ఆ కాస్సేపట్లో వదిన కిటికీకీ బల్లకీ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో ఆ నేలనే అడగాలి. పాత కెపాసిటర్ కత్తిరించి కొత్తది టంకం పెట్టాను. ఆన్ చేసి నాబ్ తిప్పాను. నూనె రాసినట్టు తిరిగింది, చిన్న చప్పుడు లేదు. నాకైతే ఈల వెయ్యాలనిపించింది.

"అంటే ఇన్నాళ్ళూ రోగం ఒకచోటుంటే మందు ఇంకోచోట కొట్టారు" అంది వదిన.

"అంతేగా మరి!"

"నాకూ అంతేనేమో" అంది, గొంతు బాగా తగ్గించి. అని వెంటనే, "పోనీలే, నాబ్ బాగైంది కదా, అదే పదివేలు" అంటూ గిటార్ సంచీ జిప్పు లాగడం మొదలెట్టింది.

నాకు చిరాకేసింది. ఎవరి మీదో తెలీదు. ఆంప్‌ని పెట్టెలో దింపుదామని అటు తిరిగాను. స్విచ్ ఇంకా ఆన్‌లోనే ఉంది. నా వేలి వెనక భాగం చాసిస్ అంచు మీంచి జారింది.

గరుగ్గా తగిలింది.

ఆ రేకుని కొనేటప్పుడు నేనే చేత్తో తడిమి చూసి కొన్నాను. అద్దంలా ఉండేది. స్విచ్ ఆపి మళ్ళీ వేలు జార్చాను, నున్నగా ఉంది. ఆన్ చేశాను, గరుకు. ఇనుము గంటకో రకంగా మారదు కదా. గరుకు ఇనుములో లేదు, దాని మీదున్న కరెంటులో ఉంది. కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి కాబట్టి నాకు వేలి మీద వణుకులా తగిలింది, అంతే.

మీటరు ఒక ముల్లు చాసిస్‌కి, రెండోది గోడ సాకెట్లో ఎర్త్‌కి పెట్టాను. అంకె వంద ఓల్టులు దాటింది. మీటర్లు ఒక్కోసారి లేని కరెంటుని కూడా చూపిస్తాయి, అందుకని మధ్యలో ఒక రెసిస్టర్ తగిలించి మళ్ళీ చూశాను. కొంత తగ్గింది గానీ పోలేదు. అబద్ధమైతే పోయేది.

మైకు హాల్లో సౌండు సిస్టమ్‌కి కలిపి ఉంటుంది, దానికి ఎర్త్ సరిగ్గానే ఉంది. గిటార్ తీగలు ఈ చాసిస్‌కి కలిసి ఉంటాయి. తీగల మీద వేళ్ళు, మైకు మీద పెదాలు. ఈ రెండిటికీ మధ్య వంతెన మా వదిన.

వైరు ఊడదీసి, ప్లగ్గు విప్పాను. మూడో పిన్ను బోసిగా ఉంది. ఎర్త్ వైరు ఊడిపోలేదు. కత్తిరించి ఉంది. కత్తిరించిన కొసకి చిన్న రబ్బరు తొడుగు వేసి, వేడి చేసి బిగించి, వెనక్కి మడిచి, పక్క వైర్లకి తగలకుండా ఎంతో ముచ్చటగా దోపి ఉంది. మా ఇంట్లో అంత శుభ్రంగా పనిచేసే చెయ్యి ఒక్కటే. నాది కాదు.

ఎందుకు కోశాడో కూడా తెలుసు. ఆంప్‌కీ హాలు సౌండు సిస్టమ్‌కీ రెండు ఎర్త్‌లు కలిసినప్పుడు గుయ్యిమనే చప్పుడు వస్తుంది. ఒకటి కోసేస్తే పోతుంది. ఈ చిట్కా మా పనిలో అందరికీ తెలుసు. చెయ్యకూడదనీ అందరికీ తెలుసు. కరెంటు లైనుకీ చాసిస్‌కీ మధ్య అన్నయ్య పెట్టిన ఇంకో చిన్న కెపాసిటర్ ఉంది. అందులోంచి కారేది ఎర్త్ ఉంటే భూమిలోకి పోయేది. ఎర్త్ లేదు కాబట్టి ఎవరి మూతి తగులుతుందా అని కాచుక్కూర్చుంది. ఆ కెపాసిటర్ ఏదో ఒకరోజు పూర్తిగా చచ్చిందా, ఇక చురుక్కులూ జివ్వులూ ఉండవు. మనిషే ఉండదు.

"ఏముందే అందులో?" అంది వదిన.

"ఏం లేదు. స్క్రూ వదులైంది."

అబద్ధం నాకు అలవాటు లేదు, గొంతులో అడ్డం పడింది. దగ్గొచ్చినట్టు దగ్గాను. ఏం చెప్పమంటారు? నీ మొగుడే కోశాడని నా నోటితో చెప్పనా? ఒకవేళ ఆ రికార్డింగు రోజున కోసి, మళ్ళీ కలపడం మర్చిపోయాడేమో. వదిన మైకు కరుస్తోందన్నప్పుడు ఆయనకి ఇది గుర్తే రాలేదేమో. మనిషన్నాక మరుపుండదా? ఉండాలని నేను గట్టిగా కోరుకున్నాను. ప్లగ్గుని ఉన్నదున్నట్టు మూసేశాను.

"వదినా, నేనూ వస్తున్నాను హాలుకి. నేను చెప్పేదాకా గిటార్ ముట్టుకోకు."

"ఎందుకే?"

"ముట్టుకోకన్నానా? అంతే."

పటాసు కదా, ఆవిడ మళ్ళీ అడగలేదు.

హాలు ఒక టైర్ల కొట్టు మేడ మీద. మెట్ల నిండా రబ్బరు వాసన. దారి పొడవునా వదిన తొడ మీద వేళ్ళతో తాళం వేస్తూనే ఉంది, మధ్యలో చరణం మర్చిపోయి మళ్ళీ మొదటికి వస్తోంది. నేనేమో అన్నయ్యకి తెలీదు, తెలీదు అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను.

అన్నయ్య ముందే వచ్చి ఉన్నాడు. ఈల మాస్టారు కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్నాడు. ఆ కొత్తమ్మాయి కిటికీ పక్కన తలొంచుకుని ఉంది. పాపం ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది?

"ఏమే పటాసూ, నువ్వూ దిగావా?" అన్నాడు అన్నయ్య. "నాబ్‌కి మందు కొట్టావా?"

"మందు కాదు. కెపాసిటర్ పోయింది, మార్చాను."

"అబ్బో! నన్నడక్కుండానే?"

"నాబ్ బాగైంది కదా. ఇటు జరుగు, ప్లగ్గు పెట్టాలి."

"ప్లగ్గు విప్పావా?" అన్నాడు టక్కున.

విప్పానని నేను అన్లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ ప్రశ్న. అయినా ఆఖరి ఆశ ఒకటి మిగిలే ఉంది.

ఆంప్ ప్లగ్గు గోడ సాకెట్లో పెట్టి స్విచ్ వేశాను. వేలు స్విచ్ మీంచి తియ్యలేదు. అన్నయ్యకి నిజంగా తెలియకపోతే నేను చెప్పినట్టు చేస్తాడు, చేసే లోపల నేను స్విచ్ ఆపేస్తాను. ఆపి, అనుమానించినందుకు కాళ్ళ మీద పడి క్షమించమంటాను. అదీ నా ఆలోచన.

"అన్నయ్యా, ఒక్కసారి ఆ గిటార్ మెడలో వేసుకో."

"నేనా? ఎందుకు?"

"తీగల మీద చెయ్యి వేసి, మైకుకి మూతి ఆనించు. పాడక్కర్లేదు. ఆనిస్తే చాలు."

హాల్లో నవ్వులు. డ్రమ్ముల దగ్గర కుర్రాళ్ళు పుల్లలు టకటకలాడించారు. అన్నయ్యా నవ్వాడు. గిటార్ మెడలో వేసుకున్నాడు, తీగల మీద చెయ్యి వేశాడు. మైకు వైపు ఒక అడుగు వేసి ఆగాడు.

"నా గొంతు వింటే కింద టైర్లలో గాలి పోతుందే" అన్నాడు.

"గొంతెవరడిగారు? మూతి ఆనించమన్నాను."

"పెద్దవాళ్ళతో పరాచికాలేమిటి? టైమైపోతోంది, మీ వదినని మొదలుపెట్టనీ."

"ఆనించవయ్యా" అన్నాడు ఈల మాస్టారు. "ఏం పోయింది, మైకేమైనా కరుస్తుందా?"

మళ్ళీ నవ్వులు. ఈసారి అన్నయ్య నవ్వలేదు. మైకుకి జానెడు దూరంలో నిలబడ్డాడు. భుజాలు బిగుసుకుని ఉన్నాయి. అచ్చం వదిన నిలబడ్డట్టే. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన నుదుటి మీద చెమట నాకు కనిపిస్తోంది. వదినకీ కనిపిస్తోంది.

నేను స్విచ్ ఆపేశాను. ఇక వెయ్యాల్సిన పని లేదు.

అన్నయ్య గిటార్ తీసి స్టాండుకి ఆనించాడు. "అంత కంగారు పడాల్సిందేం లేదు" అన్నాడు, నా వైపు చూస్తూ. "చాలా తక్కువ. చంపేంత కాదు. నేను కొలిచాను."

ఆయనకి తన నోట్లోంచి ఏం వచ్చిందో అప్పుడు తెలిసింది.

"కొలిచారా?" అంది వదిన.

ఆయన తల దించుకున్నాడు.

"ఎప్పుడు కొలిచారండీ? నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళక ముందా, తర్వాతా?"

"అది కాదు, నేను చెప్పేది..."

"ముందా, తర్వాతా?"

"ముందే" అన్నాడు.

వదిన ఏడవలేదు. నేనే ఏడ్చాను. కోపం వస్తే నాకు ముందు కళ్ళల్లోంచే వస్తుంది. "సిగ్గు లేదా నీకు? కట్టుకున్న పెళ్ళాం నోట్లో కరెంటు పెట్టి పిరికిదన్నావా?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. అన్నవన్నీ చెప్పనక్కర్లేదు.

ఆయన గొణిగాడు. రికార్డింగు దగ్గరపడిందట. ఆ గుయ్ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవాలంటే మొత్తం విప్పి మళ్ళీ కట్టాలట. ఒక్కరోజుకే కదా అని కోశాడట. తర్వాత అందరూ మెచ్చుకున్నారట. మళ్ళీ కలిపితే మళ్ళీ చప్పుడొస్తుంది. అప్పుడు ఆ చప్పుడు లేని ఆంప్ కట్టినవాడు ఎవరవుతాడు?

"ఎంతొచ్చిందండీ?" అంది వదిన మధ్యలో.

"ఏది?"

"కొలిచారుగా. అంకె."

ఆయన చెప్పాడు. నా మీటర్లో వచ్చిందే, ఇంచుమించు. వదిన తనలో తను ఒకసారి అనుకుని తలాడించింది. "అయితే నేను చెప్పింది నిజమే" అంది. ఆ మాట మాకెవరికీ చెప్పలేదు. ఇన్నాళ్ళూ తనని తనే నమ్మలేదని నాకప్పుడు అర్థమైంది. మాకందరికీ నవ్వులాటైంది, ఆవిడకి తనకే పిచ్చేమో అన్నంత దాకా పోయింది.

నేను నేల మీదే కూర్చుని ప్లగ్గు విప్పాను. అందరూ చూస్తుండగానే తొడుగు పీకేసి, వైరు కొస చెక్కి, మూడో పిన్నుకి బిగించాను. స్విచ్ వేస్తే ఆంప్ గుయ్యిమంది. నిండుగా, తుమ్మెద చెవిలో దూరినట్టు.

"ఇదేం చప్పుడమ్మా?" అన్నాడు ఈల మాస్టారు.

"మా పనితనం" అన్నాను.

వదిన గిటార్ వేసుకుంది. మైకు దగ్గరికి వచ్చింది. పెదాలు ఇంకో వేలెడు దూరంలో ఉండగా ఆగిపోయింది. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. వైరు కలిసింది గానీ ఒంటికి ఆ కబురు అందలేదు.

"ఇప్పుడేం కాదు" అన్నాడు అన్నయ్య, దగ్గరికొస్తూ. "పటాసు ఎర్త్ కలిపింది కదా. నమ్ము. కావాలంటే చూడు."

అంటూనే ఒక చేత్తో ఆవిడ గిటార్ తీగలు పట్టుకుని, మైకు మీదికి వంగి మూతి ఆనించాడు. గట్టిగా ఆనించాడు. ఆనించి అలాగే ఉన్నాడు.

వదిన ఆయన్ని చాలాసేపు చూసింది.

"ఇందాక కూడా మీరిలా ఆనించి ఉంటే బాగుండేదండీ" అంది. "చచ్చినా సరే, మీకు తెలీదనే అనుకునేదాన్ని."

ఆయన మైకు వదిలేశాడు.

"మాస్టారూ, ఈయన బయటికి వెళితే నేను పాడతాను" అంది.

ఈల మాస్టారు అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య నా వైపు చూశాడు. నేను వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాను. ఆయన తలుపు దాకా వెళ్ళి, అక్కడ ఒక్క నిమిషం నిలబడి, వెళ్ళిపోయాడు.

అప్పుడు వదిన నన్ను పిలిచి, "మీటరు పెట్టు. నాకు చూపించు" అంది. ఒక ముల్లు తీగలకి, ఒకటి మైకుకి పెట్టాను. తను వంగి స్వయంగా చదువుకుంది. సున్నా. మళ్ళీ పెట్టమంది, పెట్టాను. మళ్ళీ సున్నా. వేలు వెనక్కి తిప్పి మైకుని ముట్టుకుంది. తర్వాత అరచేత్తో. తర్వాత పెదాలు ఆనించింది.

పాడింది. ఆంప్ గుయ్యిమంటూనే ఉంది, దాని మీంచే పాడింది. మొదటి చరణంలో గొంతు రెండుసార్లు జీరపోయింది. మూడో చరణానికల్లా నాకు తెలిసిన గొంతు బయటికొచ్చింది, వంటింట్లోంచి నా చేతిలో పని ఆపించిన గొంతు. ఈల మాస్టారు నాలుక మడిచింది నేను చూశాను, కానీ ఈల వెయ్యలేదు. కిటికీ దగ్గర ఆ అమ్మాయి తన సంచీ సర్దుకుని, పాట అయ్యేదాకా ఉండి, వెళ్ళేటప్పుడు వదిన చెయ్యి నొక్కి వెళ్ళింది.

రెండో పాట మొదలయ్యాక మంచినీళ్ళ కోసం కిందికి వెళ్ళబోయాను. అన్నయ్య మెట్ల మధ్యలో గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అక్కడికి పాట బాగా వినిపిస్తోంది. నన్ను చూసి లేచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎంతైనా తోడబుట్టినవాడు, నాకు కడుపు తరుక్కుపోయింది. అంతలోనే ఆ మాత్రల సంగతి గుర్తొచ్చి ఒళ్ళు మండింది. రెండూ ఒకేసారి జరిగాయి.

"దగ్గరగా నిలబడే పాడుతోందా?" అన్నాడు.

"ఊఁ."

ఆయన పైకి ఒక మెట్టెక్కి ఆగాడు. "నన్ను రమ్మందా?"

"లేదు" అన్నాను.